ఆసామి తుపాకీ, నా సంతకం

గత వారం ఇంగ్లండులోని రీడింగ్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. ఆమె అక్కడ జీపీ, కుటుంబ వైద్యురాలు. తన సర్జరీలో (ఇక్కడ క్లినిక్కును అలాగే అంటారు) నమోదైన ఒక రైతు షాట్‌గన్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడట. అతని మానసిక స్థితి ఎలా ఉన్నదో తెలియజేయమని పోలీసులు ఆమెను అడిగారట. డ్యూటీ రోటాలో డాక్టర్లు తక్కువై ఊపిరి సలపని రోజున ఈ పని కూడా తన నెత్తిన పడిందని ఆమె విసుగు. “డాడ్, మీ రోజుల్లో ఇదంతా లేదు కదా? యూ వర్ సో లక్కీ” అన్నది. ఫోనులో దీర్ఘోపన్యాసాలు చేయకూడదన్నది నా నియమాలలో ఒకటి. ఆ రోజు దానిని ఉల్లంఘించాను. ఆమె కొంతసేపు మర్యాదగా విని, పేషెంట్ వచ్చారని పెట్టేసింది. ఆమె వినకుండా తప్పించుకున్న భాగాన్ని కూడా కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

అరవైల నడుమ, వేల్సులోని కార్డిఫ్‌లో హాస్పిటల్ ఉద్యోగం ముగించుకొని, అక్కడికి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక కొండపల్లెలో అసిస్టెంట్ డాక్టరుగా చేరాను. ఉద్యోగం దొరికింది కానీ ఇల్లు దొరకలేదు. ‘గది అద్దెకు ఇవ్వబడును’ అని కిటికీలో అట్ట పెట్టినవారు నన్నూ మా ఆవిడనూ చూడగానే, ఇప్పుడే ఇచ్చేశామని ఎంతో విచారంగా చెప్పేవారు. మరునాడు అదే అట్ట అదే కిటికీలో కనిపించేది. ఆ స్థితిలో మమ్మల్ని పిలిచి తమ ఇంటి పైభాగం ఇచ్చినవారు గొర్రెలూ ఆవులూ పెంచుకొనే ఒక రైతు దంపతులు. ఆయనను మేము మా మాటల్లో ఆసామి అనుకొనేవాళ్ళం. ఆయన భార్యను మా ఆవిడ మొదటి నెలలోనే పెద్దమ్మ అని పిలవసాగింది. ఆ తల్లి ఆ పిలుపుకు అర్థం అడిగి తెలుసుకొని, ఊళ్ళో కనిపించిన ప్రతివారికీ తన కొత్త బిరుదును ప్రకటించింది. పిల్లలు లేని మనిషి.

ఆ ఇంట్లో మా తొలి ఆదివారం మరపురానిది. ఉదయం తలుపు తీసిన మా ఆవిడ కెవ్వున అరిచింది. తలుపు పిడికి రెండు కుందేళ్ళు, కాళ్ళు కట్టి, తలక్రిందులుగా వేలాడుతున్నాయి. అవి ఆసామి తెల్లవారుజామున వేటాడి, కొత్తగా వచ్చినవారికి మర్యాదగా సమర్పించిన కానుకలు. మేము మాంసం ముట్టమని తెలిసి ఆయన చాలాసేపు ఆలోచించారు. “మరి ఈ చలిలో ఎలా బతుకుతారయ్యా మీరు?” అన్నారు చివరకు. మరుసటి ఆదివారం అదే పిడికి అదే తాడుతో, అదే విధంగా తలక్రిందులుగా, ఒక క్యాలీఫ్లవర్ వేలాడింది.

కుందేళ్ళు నన్ను అంతగా కలవరపెట్టలేదు. కలవరపెట్టింది తుపాకీ. అది వంటింటి తలుపు వెనుక, బురద బూట్ల ప్రక్కన, గొడుగులాగా ఆనించి ఉండేది. నేను తహసీల్దారు ఆఫీసు గుమాస్తా కుమారుణ్ణి; ప్రతి వస్తువుకూ ఒక స్థానమూ, ప్రతి స్థానానికీ ఒక తాళమూ ఉండాలని నమ్మి పెరిగినవాణ్ణి. దీన్ని తాళం వేసి దాచుకోకూడదా అని అడిగాను. “తాళమా? వీధి తలుపుకే తాళం లేదు” అని ఆయన నవ్వారు. అరవైల చివరిలో షాట్‌గన్‌కు కూడా సర్టిఫికెట్ తప్పనిసరి అయినప్పుడు ఆయన దానిని వ్యక్తిగతమైన అవమానంగా భావించారు. దరఖాస్తు మీద తనను ఎరిగిన పెద్దమనిషి ఒకరు, అంటే డాక్టరో, చర్చి పాస్టరో, బ్యాంకు మేనేజరో, సంతకం చేయాలి. “యాభయ్యేళ్ళుగా ఈ కొండ మీద ఉన్నాను. నేను మంచివాణ్ణని మొన్న వచ్చిన నువ్వు చెప్పాలా?” అన్నారు. అంటూనే కాగితం నా ముందుకు తోశారు. ఆయన మంచివారని నేను అక్షరాలా నమ్మి సంతకం చేశాను. మూడేళ్ళకు మరొకసారి చేశాను.

డెబ్బైల మొదట్లో ప్రభుత్వం ఆ చట్టాన్ని ఇంకా బిగించాలని ప్రతిపాదించింది. తుపాకీ ఎందుకు కావాలో కారణం చూపాలి, భద్రంగా దాచాలి, ఇత్యాదులు. పల్లె రెండుగా చీలింది. ఊరి హాలులో పాస్టరు గారి అధ్యక్షతన సభ జరిగింది. నేను చట్టం పక్షాన లేచి నిలబడ్డాను. మా ఆవిడ ముందే హెచ్చరించింది: “ఏవండీ, మనం వచ్చినవాళ్ళం. వాళ్ళ తుపాకులు, వాళ్ళ గొడవ. మీరు మాట్లాడకపోతే సభ ఆగిపోదు.” అయినా మాట్లాడాను. కుక్కకు లైసెన్సు తీసుకుంటున్నారు, టెలివిజన్‌కు తీసుకుంటున్నారు, ప్రాణం తీసే వస్తువు దగ్గరకు వచ్చేసరికి ఇంత అభ్యంతరమెందుకని అడిగాను. వాదం తిరుగులేనిదని నాకు అనిపించింది.

వెనుక వరుసలోంచి ఆసామి లేచారు. “గొర్రెలు కాసే కుక్కకు లైసెన్సు అక్కర్లేదు డాక్టర్. పనిచేసేవాటిని చట్టం వదిలేస్తుంది. నా తుపాకీ కూడా పనిచేసేదే.” హాలు గొల్లుమన్నది. మా ఆవిడ కూడా నవ్వింది, నేను చూశాను. సభ తరువాత ఆయనే తన వ్యానులో మమ్మల్ని ఇంటికి దిగబెడుతూ, “బాగా మాట్లాడావు. అంతా తప్పే కానీ, బాగా మాట్లాడావు” అన్నారు.

ఆ శీతకాలంలో పెద్దమ్మ పోయింది. అప్పటికి మేము సర్జరీ ప్రక్కనే సొంత ఇల్లు కొనుక్కొని మారిపోయాము. ఆసామి ఒంటరి అయ్యారు. మొదట్లో అందరూ వెళ్ళి పలకరించారు. తరువాత గొర్రెలు ఈనే కాలం వచ్చి ఎవరి పనులలో వారు పడ్డారు. మా ఆవిడ పోసి పంపిన చారు గిన్నె ముట్టకుండానే తిరిగి వచ్చేది.

ఆ వసంతంలో ఒకనాడు, ఉదయం వచ్చిన రోగులను చూడటం ముగించి నేను టీ పోసుకుంటూ ఉండగా ఆయన వచ్చారు. గడ్డం మాసి, కోటు భుజాల మీద వ్రేలాడుతూ ఉన్నది. సర్టిఫికెట్ గడువు మళ్ళీ వచ్చింది; సంతకం కావాలి. ఆయనకూ ఒక కప్పు పోశాను. ఎప్పుడూ కాళ్ళ దగ్గర ఉండే కుక్క లేదేమని అడిగాను.

“కొండ అవతలివాళ్ళకు ఇచ్చేశాను.”

“ఈనే కాలంలోనా?”

“ఇకముందు దాన్ని ఎవరు చూస్తారు?” అన్నారు, కిటికీలోంచి బయటకు చూస్తూ.

నేను కలం మూత పెట్టాను. నిద్ర గురించి అడిగాను. తెల్లవారకముందే మెలకువ వస్తుందన్నారు. ఆ మెలకువలో ఏమి తోస్తుందని అడిగాను. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. వైద్యుడు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని చుట్టు తిప్పకుండా అడగాలని మాకు నేర్పారు. ప్రాణం తీసుకోవాలని అనిపిస్తున్నదా అని అడిగాను. “అప్పుడప్పుడు” అన్నారు.

“ఇప్పుడు సంతకం చేయను.”

ఆయన ముఖం ఎర్రబడింది. “మీకు ఊరంతా తలుపు మూసినప్పుడు నా తలుపు తెరిచాను. ఆ రోజు నిన్ను సంతకం అడిగానా? ఎదురింట్లో పాస్టరున్నాడు. ఈ టీ తాగేలోపు ఆయన చేత చేయించుకుంటాను.”

ఆయన చెప్పింది నిజం. అప్పటి చట్టంలో ఉన్న లోపమే అది. నేను కాకపోతే మరొకరు. నా నిరాకరణకు ఆ గది గోడల బయట విలువ లేదు. పైగా సంతలో ఆయన ఒక్క మాట అంటే చాలు, నా సర్జరీకి వచ్చేవారు సగం మంది మానేస్తారు. ఆ రెండవ సంగతి నాకు గుర్తుకు రాలేదంటే అబద్ధమాడినట్లు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి పెద్దమ్మ భర్త. ఆయన ఇంటికి వెళ్ళాక ఆ వంటింటి తలుపు వెనుక ఏముంటుందన్నదే నాకు ముఖ్యం.

అప్పుడు నాకు మా జిల్లా అలవాటు ఒకటి నోటికి వచ్చింది. “మా దేశంలో ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషనులో జమ చేయాలి. గాలి వేడెక్కిన రోజులు కదా. ఎన్నికలు అయ్యాక ఎవరివి వారికి తిరిగి ఇస్తారు. అది శిక్ష కాదు. ఎవరూ నామోషీ అనుకోరు.”

ఆయన కప్పు కిందపెట్టారు. “పెద్ద రైతులు కూడానా?”

“జమీందార్లు కూడా. ముందు వాళ్ళే ఇస్తారు. మా తాతగారి ఊళ్ళో జమీందారు అయితే బండి కట్టించుకొని, తలపాగా చుట్టుకొని మరీ వచ్చేవాడు.”

“రసీదు?”

“రసీదు లేనిదే మా దేశంలో తుమ్మరు.”

ఎన్ని వారాల తరువాతో ఆయన పెదవి కాస్త కదిలింది. “ఇక్కడ ఎన్నికలు మొన్ననే అయిపోయాయి.”

“మళ్ళీ వస్తాయంటున్నారు. ప్రభుత్వానికి బలం చాలలేదుగా. అంతవరకు జమ చేయండి. అంతవరకు నేను చెప్పిన మందు వేసుకోండి, మా ఇంట్లో భోజనం చేయండి. తరువాత సంతకం సంగతి చూద్దాం.”

టీ చల్లబడింది. ఆయన టోపీ చేతిలో త్రిప్పుతూ కూర్చున్నారు. పాస్టరు గారి ఇంటి తలుపు నా కిటికీలోంచి స్పష్టంగా కనిపిస్తున్నది. “సరే” అన్నారు.

నా కారులోనే వెళ్ళి తుపాకీ తెచ్చాము. ఆయన శుభ్రమైన కోటు వేసుకొని, గడ్డం గీసుకొని బయలుదేరారు. జమీందారు ప్రస్తావన పనిచేసిందని నా అనుమానం. ఊరి కానిస్టేబుల్ అర్థంకాక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఎన్నికలయ్యేదాకా” అని ఆసామి గంభీరంగా చెప్పారు. “ఏ ఎన్నికలు?” అని అతడు అడిగాడు. “వచ్చేవి. పేపరు చదవవా?” అన్నారు. నేను కానిస్టేబుల్ వైపు చూసి తల ఊపాను. అతడు మంచివాడు, మరొక ప్రశ్న వేయకుండా రసీదు వ్రాశాడు.

ఆ వేసవి అంతా ఆయన మధ్యాహ్న భోజనం మా ఇంట్లోనే. చారుకు కళ్ళవెంట నీళ్ళు కారేవి. “తుపాకీ కంటే ముందు దీనికి పెట్టాలి లైసెన్సు” అనేవారు. “తాగండి మరి, వాదన తర్వాత” అని మా ఆవిడ ఇంకొక గరిటె పోసేది. మందు పనిచేసిందో, చారు పనిచేసిందో, లేక రోజూ ఒక వేళకు ఒకచోటికి వెళ్ళవలసి ఉండటమే పనిచేసిందో నేను నిర్ధారించలేను. గడ్డి కోతల సమయానికి ఆయన కొండ దాటి వెళ్ళి కుక్కను వెనక్కి తెచ్చుకున్నారు. శరదృతువులో ఆ ఏటి రెండవ ఎన్నికలు జరిగాయి. మరునాడే వచ్చారు. నేను అడగవలసిన ప్రశ్నలన్నీ మళ్ళీ అడిగాను. ఆయన అన్నింటికీ నా కళ్ళలోకి చూస్తూ జవాబు చెప్పారు. సంతకం చేశాను.

తరువాతి సభలో ఆయన మళ్ళీ చట్టానికి వ్యతిరేకంగానే మాట్లాడారు. “మొహం మీద కాదని చెప్పే మనిషి ఒకడు ఊళ్ళో ఉంటే చాలు, ఈ చట్టాలెందుకు?” అన్నారు. అలాంటి మనిషి లేని ఊళ్ళ కోసమే చట్టమని నేను లేచి చెప్పాను. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. ఆ ప్రతిపాదనలు అప్పటికి మూలపడ్డాయి; ఏళ్ళ తరువాత, తుపాకీ కాల్పుల్లో జరగరానివి జరిగాక, చట్టం బిగిసింది. అది ముందే బిగిసి ఉండవలసిందని నేను ఇప్పటికీ అంటాను. అయితే ఆ వసంతంలో నన్ను నిలబెట్టింది చట్టం కాదు. ఎదురింటికి వెళ్ళగలిగి ఉండీ వెళ్ళని ఒక పెద్దమనిషి. ఈ దేశంలో నాకు దక్కిన గౌరవాలలో అంతటిది మరొకటి లేదు.

ఆయన నిండు వృద్ధాప్యంలో, కార్డిఫ్ హాస్పిటల్‌లో, నిద్రలో పోయారు. ఆ రోజు ‘సరే’ అనడానికి ఆయనకు పట్టింది ఒక కప్పు టీ చల్లారేంత సేపు. అటుపైన ఆయన చూసిన వసంతాలన్నీ ఆ కొద్దిసేపటిలోనే ఇమిడి ఉన్నాయని ఈ వయసులో నాకు తెలిసివస్తున్నది.