షుగర్ పెరిగింది, బాపు దొంగయ్యాడు

డిగ్రీ పాసయిన వారంలోనే కన్నతండ్రిని దొంగను చేసిన ఘనత నాది. మా ఖాందాన్‌లో డిగ్రీ దాకా పోయిన మొదటి మనిషిని నేనే. పోయి చేసిన మొదటి పని ఇదే. మొత్తం చదివాక మీరు నన్ను ఏమైనా అనండి, పడతాను. మా అవ్వ ఇప్పటికే అన్నీ అనేసింది కాబట్టి మీకు కొత్తవేమీ మిగలకపోవచ్చు.

మాది మునుగోడు వైపు ఒక మగ్గాల వాడ. మా ఇంట్లో తెల్లవారడమంటే బాపు గుంటమగ్గంలోకి దిగడమే. ఆ టకటకల మధ్యే పుట్టాను, ఆ టకటకల మధ్యే పరీక్షలకు చదివాను. చివరి సంవత్సరంలో ఆ చప్పుడు ఆగిపోయింది. బాపు కుడి భుజం బిగుసుకుపోయింది. పోగు మోసే నాడెను అటూ ఇటూ విసిరే తాడు లాగడానికి చెయ్యి లేవదు. అంగీ తొడుక్కోవాలన్నా అమ్మ సాయం కావాలి. షుగరున్నవాళ్లకు భుజం ఇలా పట్టేయడం ఎక్కువేనన్నాడు డాక్టరు.

మగ్గం మీద ఒక చీర సగంలో ఉండిపోయింది. నేను పట్టా అందుకునే రోజు కట్టుకోవాలని బాపు మొదలుపెట్టిన చీర. నిజం చెప్పాలంటే నా బెంగ చీర మీద కాదు, చప్పుడు మీద. ఇంట్లో అందరం ఉన్నా ఎవరో ఊరెళ్లినట్టుండేది. పొద్దున్నే మెలకువ వచ్చేది. ఇప్పుడు మోగుతుంది, ఇప్పుడు మోగుతుంది అనుకుంటూ కళ్లు మూసుకునే పడుకునేదాన్ని.

ఫలితాలు వచ్చిన మర్నాడు బాపును నల్లగొండలో దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు భుజంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తానన్నాడు.

“మల్ల మగ్గం నేస్తడా సార్?” అన్నాను.

“నేస్తడు. జర ఓపిక పట్టాలె. చేతికి కసరత్తు మానొద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి, గీ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు...”

నేస్తాడన్న మాట వినగానే ఇన్నాళ్లూ బిగబట్టిన సంతోషమంతా కట్ట తెంచుకుంది. “సార్, నేను డిగ్రీ పాసైన సార్! ఫస్ట్ క్లాస్!”

“మంచిదమ్మా. అయితే కొన్ని రోజులు...”

“మా ఇంట్ల నేనే మొదలు సార్! మా వాడల ఆడివిల్లలల్ల గూడ నేనే!”

డాక్టరు నోరు కదులుతూనే ఉంది. బాపు తల ఊపుతూనే ఉన్నాడు. నేను మార్కులు ఒక్కో సబ్జెక్టుకూ విడివిడిగా చెబుతూనే ఉన్నాను.

ఇంజెక్షన్ చేయించుకుని ఇంటికొచ్చాం. ఆ సాయంత్రం వాడంతా మైసూర్‌పాక్ పంచాను. మర్నాడు పొద్దున్నే బాపు వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ మూడు వందల దగ్గర!

“బాపూ, నిజం చెప్పు. మిఠాయి తిన్నవా?”

“వాసన గూడ సూడలే బిడ్డా.”

“మరి గిదెట్ల పెరిగింది?”

“నాకేమెరుక? గా మిషన్నే అడుగు.”

మంచం మీద నుంచి అవ్వ అందుకుంది. “బిడ్డ పాసైన సంబురంల ఒక్క ముక్క నోట్లేసుకున్నడేమో. పోనియ్యరాదే!”

“ఒక్క ముక్కకు గింత పెరగదవ్వా. డబ్బా లేపిండు!”

నేను చదివింది బీకాం. అయినా ఆ వారం షుగర్ సంగతి నాకంటే ఎక్కువ తెలిసిన మనిషి జిల్లాలోనే లేదు. మిఠాయి డబ్బా అటకెక్కింది. బాపు కంచంలో అన్నం సగమైంది. సాయంత్రం చూస్తే షుగర్ అంతే ఉంది. అంటే దొంగతనం బయట జరుగుతోందన్నమాట!

మా వాడలో మగ్గాల కిటికీలన్నీ దారివైపే ఉంటాయి. ఇంటింటికీ పోయి చెప్పి వచ్చాను: బాపు మీ ఇల్లు దాటితే మగ్గం ఆపండి, చప్పుడు ఆగితే నాకు తెలుస్తుంది.

వాడ చివర ఉండే యాదగిరి కాక నోరు తెరిచాడు. “మీ బాపు మనిషా, మేకనా? గీ కావలేందే?”

“చదువుకున్నదాన్ని చెప్తున్న కాకా. జర ఇను.”

విన్నారు పాపం. నా డిగ్రీ మీద అందరికీ అంత గౌరవం.

మర్నాడు మధ్యాహ్నం పక్కింటి మగ్గం ఆగింది. తర్వాత దాని పక్కది. కరెంటు పోతున్నట్టు ఒక్కో ఇల్లూ చప్పుడు లేకుండా అయిపోతోంది. నిశ్శబ్దం యాదగిరి కాక ఇంటివైపు నడుస్తోంది. కాక ఇంటికి నిన్ననే కొత్తల్లుడు వచ్చాడు. అరిసెలు! చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాను. అన్ని మగ్గాలూ ఆగాయి, కాకది మాత్రం మోగుతోంది. కాక కూడా దొంగలతో కలిశాడు!

తలుపు తోసి చూద్దును కదా, కాక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మగ్గం గుంటలో ఉన్నది బాపు. పళ్లు బిగబట్టి కుడిచెయ్యి మెల్లగా లేపుతున్నాడు. తాడు లాగాడు. నాడె సగం దూరం పోయి ఆగింది. మళ్లీ లేపాడు. నన్ను చూడగానే చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

“చెయ్యి లేస్తాందా లేదా అని సూస్తున్న బిడ్డా. మన మగ్గం మీదైతే నీ చీర ఖరాబైతదని...”

“నా చీర ఖరాబైతే మాత్రం ఫికర్ లేదట!” అన్నాడు కాక.

నా కేసు అక్కడే వీగిపోయింది. కానీ చదువుకున్న మనిషి అంత తొందరగా ఓడిపోకూడదు కదా. “నోరు తెరువు బాపూ” అన్నాను. తెరిచాడు. లోపల ఒక లవంగం ఉంది.

మర్నాడే బాపును వెంటబెట్టుకుని డాక్టరు మీద పడ్డాను. “ఏం తినకున్నా షుగర్ పెరుగుతాంది సార్!”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “గీ ఇంజెక్షన్‌కు కొన్ని రోజులు షుగర్ పెరుగుతది, రోజూ సూడుండ్రి, మరీ పెరిగితే ఫోన్ చెయ్యుండ్రి, మందులు ఆపొద్దు అని గా దినమే చెప్పిన గదమ్మా. నువ్వు నాకు అకౌంట్స్ మార్కులు చెప్తున్నవు.”

“అన్నం సగం చేసిన సార్...”

“షుగర్ గోలీలు ఏసుకునే మనిషికి కడుపు మాడిస్తే కండ్లు తిరిగి పడిపోతడు! ఎవలు చెప్పిండ్రు నీకు?”

నేను బాపు వైపు తిరిగాను. “నీకు ఇనబడలేదా బాపూ?”

“ఇనబడ్డది.”

“మరి చెప్పవేంది?”

“డిగ్రీ సదివినదానివి, మిఠాయి తిన్నవు అని గట్టిగ అంటివి. నిద్దట్ల తిన్ననేమో అనుకున్న బిడ్డా.”

షుగర్ కొద్దిరోజుల్లో దారికొచ్చింది. భుజం మాత్రం నెలలు తీసుకుంది. రోజూ గోడ మీద వేళ్లతో పాకిస్తూ ఆ చెయ్యిని బాపు పసిపిల్లలా పెంచాడు. పట్టా రోజుకు చీర అందలేదు. అమ్మ చీర కట్టుకునే పోయాను. నా పేరు పిలవగానే జనంలోంచి ఒక చెయ్యి లేచింది. కుడిచెయ్యి, చెవి దాటి పైకి! నేను దానివైపే చూస్తూ, పట్టా ఇచ్చిన పెద్దమనిషికి దండం పెట్టడం మర్చిపోయాను. కట్టుకోని ఆ చీర కోసం మనసు ఇప్పటికీ లాగుతుంది. కానీ ఆ చెయ్యి ముందు ఏ చీర నిలుస్తుంది?

కాబట్టి అందరి ముందూ ఒట్టు వేస్తున్నాను: ఇక మీద దవాఖానలో డాక్టరు చెప్పడం పూర్తయ్యేదాకా నేను నోరు తెరవను. మొన్న ఈ ఒట్టును అక్షరాలా నిలబెట్టుకున్నాను కూడా. ఆయన చెప్పిందంతా విని, తిరిగి ఒప్పజెప్పాను.

“శభాష్. ఇంకేమన్న అడిగేది ఉన్నదా?” అన్నాడు డాక్టరు.

“అడిగేదేం లేదు సార్. చెప్పేదున్నది. నాకు పీజీ సీటొచ్చింది!”