సాసేజీ బువ్వ వండిన అత్తమ్మ

మొన్న బుధవారం పొద్దున ఎల్బీ నగర్ నుంచి ఫోను వచ్చింది. "అక్కా, అమ్మ పోయింది. చాయ్ కావాలన్నది. నేను తెచ్చేసరికి లేదు" అంది అత్తమ్మ కూతురు. అత్తమ్మకు తొంభైకి దగ్గర వయసు. మంచాన పడకుండా, ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్ళిపోయింది. సమాధుల తోటలో మన్ను వేసి పక్కకు వస్తుంటే ఒక పెద్దాయన అడిగాడు, "మీరు ఆమెకు ఏమైతరమ్మా?" అని. "ఎదురింటివాళ్ళం" అన్నాను. యాభై ఏళ్ళ కిందటి ఎదురిల్లు అది. అంతకన్నా చెప్పడానికి నాకు నోరు రాలేదు. అప్పుడు రాని మాట ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మా నాన్న ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. అప్పటికి అక్కడ ఇళ్ళకన్నా ఖాళీ జాగాలే ఎక్కువ. ఎదురింట్లో ఆమె, ఆమె భర్త, చంటిపిల్ల ఉండేవారు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవులు. సికింద్రాబాద్‌లో తెల్లదొరసానులు నడిపే హాస్టల్లో ఆమె వంట చేసేది. నేను ఆంటీ అని పిలిస్తే, "ఆంటీ గీంటీ ఏంది బిడ్డా? అత్తమ్మా అను" అంది. ఆ పిలుపు మా అమ్మకు నచ్చలేదు. "ఆవిడ నీకు అత్తమ్మ ఎలా అవుతుంది?" అనేది. అమ్మ ఆమెతో గేటు దగ్గరే నిలబడి మాట్లాడేది. లోపలికి ఏనాడూ పిలవలేదు.

శనివారం హాస్టల్లో మిగిలిన మాంసపు సాసేజీలు అత్తమ్మకు ఇచ్చేవారు. ఆదివారం చర్చి నుంచి రాగానే వాటిని గుండ్రంగా కోసి, ఉల్లిపాయలతో వేయించి, సగం ఉడికిన అన్నం ఒక వరస, ఇవి ఒక వరస, టమాటాలు ఒక వరసగా పెద్ద బగోనెలో పరిచేది. మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేది. నేను గరిటె పట్టుకుంటే చేతి మీద చిన్నగా కొట్టేది. "కలపకు బిడ్డా. దాని పని అదే చేసుకుంటది." అరగంట తర్వాత మూత తీసి, ముందు పక్కిళ్ళకు కంచాలు పంపేది. మీకు మిగలదు కదా అని ఎవరో అంటే ఆమె చెప్పిన మాట నాకింకా గుర్తే. "వాసన ఆడిదాకా పోయింది గద. వాసన పోయినకాడికి బువ్వ కూడా పోవాలె."

మా ఇంటికి మాత్రం పంపేది కాదు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా రానివ్వరని ఆమెకు తెలుసు. నేను కిటికీలోంచి ఆ వాసన పీల్చుకునేదాన్ని.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలైంది. బళ్ళు మూశారు. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడి కొలువులు తన్నుకుపోతున్నారన్న మాట వీధి వీధినా వినిపించేది. ఆ మాట అబద్ధమని మా నాన్న కూడా అనలేకపోయేవాడు. అత్తమ్మ భర్త రెండేళ్ళుగా కొలువు కోసం దరఖాస్తులు పెడుతూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం మూసారాంబాగ్ వైపు నుంచి గుంపు వచ్చింది. మా కిటికీ అద్దాలు పగిలాయి. మా పెరటి తలుపు కొట్టి అత్తమ్మ అంది, "సామాన్లు చూడకుండ్రి. పిల్లను తీసుకొని నడువుండ్రి." మమ్మల్ని తన ఇంటి వెనక గదిలో కూర్చోబెట్టి, తను గుమ్మంలో నిలబడింది. "లోపల ఎవరున్నరు?" అని ఎవరో గద్దించారు. "మా ఇంటోళ్ళు" అందామె.

రెండు రోజులు ఆ గదిలోనే ఉన్నాం. మాకోసం వేరే గిన్నె కడిగి, కూరగాయలు వేసి అన్నం వండింది. నాన్న తిన్నాడు. అమ్మ అరటిపళ్ళతో సరిపెట్టుకుంది. రెండో రోజు నేను వంటింట్లోకి వెళ్ళి సాసేజీ బువ్వ కావాలన్నాను.

"మీ అమ్మను అడిగి రాపో."

నేను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. "సరే అంది" అన్నాను. ఆమె నమ్మింది. రెండుసార్లు వడ్డించింది. అంత రుచైన అన్నం నేను అంతకుముందు తినలేదు.

ఇంటికి వెళ్ళిన మూడో రోజు నాకు జ్వరం వచ్చింది. వీధిలో సగం మంది పిల్లలకు వచ్చిన జ్వరమే అది. అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "అక్కడ ఏం తిన్నావే?" అంది. నాకు భయం వేసింది. "మాంసం అని చెప్పకుండా పెట్టింది" అన్నాను.

అమ్మ నా రెక్క పట్టుకుని వీధి దాటింది. ఇళ్ళలోంచి అందరూ చూస్తున్నారు. "రెండు రోజులు నీడ ఇచ్చావని మా పిల్ల నోట్లో ఏది పడితే అది పెడతావా? మా మతం చెడగొడదామనుకున్నావా?" అని అరిచింది. అత్తమ్మ చేట పట్టుకుని నిలబడి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఒక్క మాట చెబితే అయిపోయేది. అది నేనే చెప్పాలి.

"తప్పయింది అమ్మా" అందామె. "పిల్లకు ఎర్క లేదు. నేనే పెట్టిన."

ఆ ఆదివారం వాసన వచ్చింది. ఏ ఇంటికీ కంచం పోలేదు. తర్వాత కూడా పోలేదు. మరుసటి ఏడు మేం నల్లకుంట వైపు మారిపోయాం.

మళ్ళీ నలభై ఏళ్ళు దాటాక అమ్మకు కంటి పరీక్ష చేయిస్తుంటే, అక్కడి నర్సు, వాళ్ళమ్మ నోట విన్న మా ఇంటిపేరు చూసి నన్ను పక్కకు పిలిచింది. ఆనాటి చంటిపిల్లే. ఎల్బీ నగర్ చిరునామా ఇచ్చింది. రెండుసార్లు వెళ్ళి, చాయ్ తాగి, అసలు మాట చెప్పకుండానే వచ్చేశాను. మూడోసారి చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను.

అత్తమ్మ చిక్కుడుకాయల నారలు తీస్తోంది. ఆపలేదు. "నాకు తెల్వదా? నా చేత్తోని పెట్టిన ముచ్చటే గద. మీ అమ్మకు చెప్పినవా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నవు బిడ్డా? నాకు తెలిసిందే. తెల్వనిది ఆమెకు. ఆమెకు చెప్పు."

అందులో కోపం లేదు. అందుకే ఇంకా తలెత్తలేకపోయాను. ఇంటికి వెళ్ళి చెబుదామనుకున్నాను. అమ్మకు రక్తపోటు అనుకున్నాను, పెద్దతనం అనుకున్నాను, పండగ వెళ్ళాక అనుకున్నాను. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది అమ్మ. ఎప్పుడైనా ఆ రోజుల మాట వస్తే, "మనిషి మంచిదే కానీ, నీకు అలా చేసింది" అనేది. నేను మాట మార్చేదాన్ని. పదేళ్ళ పిల్ల భయంతో ఆడిన అబద్ధాన్ని ఎవరైనా క్షమిస్తారు. యాభై దాటిన మనిషి మౌనానికి ఏ పేరు పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

ఆ మూడోసారి వెళ్ళిన రోజు, వద్దన్నా వినకుండా నన్ను సాగనంపడానికి విజయవాడ రోడ్డు దాకా వచ్చింది. లారీలు, బస్సులు సందు ఇవ్వడం లేదు. అత్తమ్మ కొంగు నడుముకు దోపుకుని రోడ్డు మీదికి దిగింది. చెయ్యి ఎత్తి, "జర ఆగుండ్రి! పిల్ల దాటుతున్నది!" అని కేకేసింది. ఒక లారీ కీచుమంటూ ఆగింది. నెరిసిన జుట్టుతో, చేతిలో సంచితో నేను గబగబా దాటాను. అవతలి గట్టు ఎక్కి వెనక్కి చూస్తే, ఆమె ఇంకా రోడ్డు మధ్యలోనే ఉంది. ఎత్తిన చెయ్యి దించలేదు.