పాప నిద్రపోయిన బార్

నా చెయ్యి విడిపించుకుని మా మూడేళ్ళ పాప రోడ్డు పక్క బార్‌లోకి దూరింది. అదే క్షణంలో లోపల పాతికమంది మగవాళ్ళు ఒక్కసారిగా కేకలు పెట్టారు. కొట్టుకుంటున్నారనుకున్నాను. మాది నరసరావుపేట. మద్యనిషేధం రోజుల్లో పెరిగిన నాకు తాగేచోటంటే తన్నులాటలు, పోలీసులే. మావారి చదువు కోసం ఇటలీ వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఆయన ఎదురుగా స్టేషన్‌లో టిక్కెట్లు కొంటున్నారు.

పెద్దమ్మాయిని లాక్కుంటూ లోపలికి పరుగెత్తాను. వాళ్ళంతా వైన్ తాగుతూ టెలివిజన్‌లో ఫుట్‌బాల్ చూస్తున్నారు. ఆ కేకలు గోల్ పడినందుకు. ఆట కోసమే పల్లెల నుంచి వచ్చారని తర్వాత తెలిసింది. వాళ్ళ మధ్య ఒక ముసలమ్మ మా పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నేను చేతులు చాపితే పక్క కుర్చీ చూపించింది. అక్కడి బార్లలో పాలూ ఇస్తారు; వేడివి తెప్పించి పాపకు తాగించింది. దగ్గుతో రెండు రాత్రులుగా కన్ను మూయని పిల్ల, ఆమె గుండెల మీద నిద్రపోయింది.

మావారు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏందే ఇది! మీ నాయన చూస్తే నా తోలొలుస్తాడు."

"మెల్లగా! పాప లేస్తది."

అంతలో మళ్ళీ గోల్ పడింది. ముసలమ్మ పెదాల మీద వేలు పెట్టింది. అంతమందీ చేతులు పైకెత్తి, నోళ్ళు తెరిచి, చప్పుడు లేకుండా గంతులేశారు. ఒకాయన ఆపుకోలేక వీధిలోకి పరుగెత్తి, అక్కడ అరిచి వచ్చాడు.

మర్నాడు పొద్దున పెద్దది అడిగింది, "అమ్మా, నిన్నటోళ్ళు తాగుబోతులా?"

ఇద్దరినీ దగ్గరికి తీసుకున్నాను.

"తాగారమ్మా. అయినా మీకు మామయ్యలే."