ఎదురు నడిచిన అత్తయ్య

కోడూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నమ్మలేదు. "మీ అత్తయ్యగారు తెల్లవారుజామున పోయారండీ" అని పక్కింటాయన చెప్తే, సరేనండీ అని పెట్టేసి, ఎదురింటావిడకి ఫోన్ చేశాను. ఆవిడా అదే చెప్పింది. అప్పుడు ఏడ్చాను. నన్ను తప్పుపట్టకండి. "ఒకరు చెప్తే కబురు, ఇద్దరు చెప్తే నిజం" అని నేర్పింది అత్తయ్యే. ఒక్కరి మాట మీదే ఏడ్చేశానని తెలిస్తే నన్ను చూసి జాలిపడేది.

ఆవిడ మా నాన్నకి అక్క. పిల్లల్లేరు. మావయ్య పోయాక కోడూరులో ఒక్కతే ఉండేది. పాలు పోసిన మనిషి ఇంకా గుమ్మంలో ఉండగానే గిన్నె ఎత్తి వాసన చూసేది. తుఫాను భయమేమీ లేదని టీవీలో చెప్తే, "లేనిదాన్ని పనిగట్టుకుని చెప్తున్నారంటే ఏదో ఉంది" అని పశువుల పాక తాళ్లు బిగించేది. ఏటి ఒడ్డున మా దగ్గరి శ్రీకాకుళం గుడికి మమ్మల్ని తీసుకెళ్లి, ప్రదక్షిణలకి మమ్మల్ని పంపించి తను బయట చెప్పుల దగ్గర నిలబడేది. "దేవుడు ఎక్కడికీ పోడు, చెప్పులు పోతాయి" అనేది. ఇంతటి మనిషిని సంబంధాల ఎంక్వైరీకి పంపడం మా ఇంట్లో ఆనవాయితీ.

నాకొచ్చిన మొదటి సంబంధం గుడివాడ వాళ్లది. ఇంట్లో కూర్చుని బజ్జీలు తినే పెళ్లిచూపులు పాత పద్ధతండీ, అందరం కలిసి మన్యం వైపు ఒక కొండకి వెళ్దాం, పిల్లలిద్దరూ నడుస్తూ మాట్లాడుకుంటారు అన్నారు. అమ్మకి ఆ మాటే తెగ నచ్చేసింది. అబ్బాయిది మంచి ఉద్యోగం, మంచి మాట. వ్యాన్ మాట్లాడుకుని వెళ్లాం. కరకట్టని మించిన ఎత్తు ఎరగని దివిసీమ వాళ్లం, కొండని చూసి వ్యాన్ కిటికీల్లోంచి మెడలు బయటపెట్టాం.

కొండ నడుం చుట్టూ అడవిలోంచి ఒక కాలిదారి వేశారు. మరీ నిటారు కాదు, అలాగని తేలికా కాదు. దారి పొడవునా పడిపోయిన మొద్దుల్నీ బండల్నీ చెక్కి బొమ్మలు చేశారు. ఎక్కిన చోటికే తిరిగి వస్తారని బోర్డు మీద రాసుంది. "ఎక్కిన చోటికే వచ్చేదానికి ఎక్కడం ఎందుకంట?" అంది అత్తయ్య. బాణం గుర్తులు చూపించిన వైపు నేనూ అబ్బాయీ బయల్దేరాం. పెద్దవాళ్లు కింద టీ కొట్టు దగ్గర కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే అత్తయ్య మాత్రం కొంగు నడుముకి దోపి లేచింది.

"నేనూ ఒక చుట్టు చుట్టొస్తా. కానీ అటు రాను. కొండని ఎడం చేతి వైపు పెట్టుకుని తిరుగుతారా ఎవరన్నా? శవం చుట్టూ తిరిగినట్టు. నేనిటు నుంచి వస్తా" అని రెండో వైపు వెళ్లిపోయింది.

"ఎంత ఆచారమండీ మీ ఆడపడుచుగారికి" అని అబ్బాయి తల్లి అమ్మతో అనడం నాకు వినపడింది. నాకు మాత్రం అనుమానం వచ్చింది. గుళ్లో చెయ్యని ప్రదక్షిణ అడవిలో ఎందుకు గుర్తొచ్చింది ఈవిడకి?

చాలాసేపు నడిచాం. అబ్బాయి తన ఆఫీసు గురించీ, కొనబోయే ఫ్లాటు గురించీ చెప్తున్నాడు. నాకు పిక్కలు లాగుతున్నాయి. చెక్కిన గుడ్లగూబ దాటాం, గంప నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ దాటాం. మలుపులో ఎలుగుబంటి బొమ్మ పక్కన అత్తయ్య నిలబడి ఉంది. మేం చూసేసరికే ఆవిడ మమ్మల్ని చూస్తోంది. ఎప్పట్నుంచి చూస్తోందో తెలియదు.

"నీళ్లున్నాయా బాబూ?" అని అడిగింది. అతను వెంటనే సీసా మూత తీసిచ్చాడు. అత్తయ్య వాసన చూసి మరీ తాగింది. అతను నవ్వాడే తప్ప ఏమీ అనుకోలేదు. "బొమ్మలు బాగున్నాయా అత్తయ్యా?" అన్నాను. "ఏమోనే, నాకన్నిటి వీపులే కనపడ్డాయి. ముందు వైపు చెక్కి వెనక మొద్దు అట్లాగే వదిలేశారు" అని మమ్మల్ని దాటి తన దారిన వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుని, "ఈ సంబంధం వద్దు" అంది.

"ఏం చూశారొదినా అక్కడ?" అంది అమ్మ.

"నాకు నచ్చలేదు. అంతే."

అక్క వద్దంటే మా నాన్నకి ఇంకో మాట లేదు. బంధువులు ఊరుకుంటారా? ఆవిడ మరిది కొడుకు పెళ్లికి ఉన్నాడుగా, వాడికి చేసుకుందామనే ఇది చెడగొట్టిందన్నారు. అమ్మ చాలాకాలం ఆవిడతో ముభావంగా ఉంది. నేనూ అదే అనుకుని, ఆ కుర్రాడి మాట అత్తయ్య ఎప్పుడు తెస్తుందా అని కాచుకుని కూర్చున్నాను. తేలేదు. ఆ కుర్రాడికి వేరే చోట పెళ్లయింది, అత్తయ్యే వెళ్లి తలంబ్రాల బియ్యం కలిపొచ్చింది. చిత్రమేమిటంటే, సంబంధం తప్పిపోయిన రోజు నాకు హాయిగా నిద్రపట్టింది. ఆ నిద్ర మీద కూడా నాకు అనుమానమే.

తర్వాత బందరు సంబంధం కుదిరినప్పుడు ఎంక్వైరీకి రమ్మంటే అత్తయ్య రానంది. "ఈసారి పిల్ల తనంతట తనే మాట్లాడుతోందిగా, నేనెందుకు?" అందిట నాన్నతో.

మొన్న ఎండాకాలం కోడూరు వెళ్లాం. బాగా చిక్కిపోయింది. మావారు బయట బండి నీడలో పెడుతుంటే, మంచం పట్టె మీద కూర్చుని అడిగేశాను. ఆ గుడివాడ అబ్బాయిలో ఏం చూశావత్తయ్యా అని.

"అతనికేం, బంగారం లాంటి పిల్లాడు. నేను చూసింది నిన్ను. పక్కన నడిస్తే మొహం కనపడదు, ఎదురొస్తేనే కనపడుద్ది. అతనేదో చెప్తుంటే, పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పేదానికి తల ఊపినట్టు ఊపుతున్నావు. నీకా నోరు లేదు. మీ నాన్న అడిగితే మీ ఇష్టం అనేదానివి."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?"

"పిల్ల వద్దందంటే మాట నీ మీద పడుద్ది. నా మీద పడితే నాకేం? ముందునుంచీ ఉన్న పేరేగా."

ఇన్నేళ్లూ అందరి మాటలూ ఊరికే పడింది. "మరిప్పుడెలా ఉంది నా మొహం?" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. కళ్లజోడు తెమ్మని పెట్టుకుంది. ఎముకలు తేలిన చేత్తో నా గడ్డం పట్టుకుని, కిటికీ వెలుతురు వైపు తిప్పి, ఇటు ఒకసారీ అటు ఒకసారీ చూసింది.

"పర్లేదులే" అంది. అని, గడ్డం వదలకుండా ఇంకా చూస్తూనే ఉంది.