బెంజిమెన్ బాబాయి తీర్పు

ఇందాక మనవలు క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లుకున్నారు. ఆ వాసన హాలు దాటి నా గదిలోకి వచ్చింది. ఈ కలకత్తా న్యూ టౌన్ ఫ్లాట్లలో కిటికీలు మూసి ఏసీ వేసుకుంటారు, వాసన బయటికి పోయే దారి ఉండదు. కునుకు పట్టబోతున్నదాన్ని లేచి కూర్చున్నాను. కాసేపు నేను ఖిదిర్‌పూర్ రేవు దగ్గర వాట్‌గంజ్‌లో మా పాత వరండాలో ఉన్నట్టే అనిపించింది. ఒళ్లో గుడ్డ, గుడ్డ మీద పౌడరు, చేతిలో పేకముక్కలు. అటు పక్క గదిలోంచి బెంజిమెన్ బాబాయి దగ్గు. ఆయన దగ్గు వినపడితే టీ నీళ్లు పెట్టాలని లెక్క. పొయ్యి ఎక్కడుందా అని చూశాను. ఎదురుగా గోడకు టీవీ ఉంది.

ఆయన ఎవరో మీకు తెలియదు, చెప్తాను. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు.

బాబాయి అంటున్నానే గాని ఆయనకూ నాకూ రక్తసంబంధం లేదు. పెళ్లయి ఖిదిర్‌పూర్ వచ్చాక మొదటి ఆదివారం చర్చి బయట నేను మా ఆయనతో ఏదో అంటుంటే వెనకనుంచి ఒక ముసలాయన ఆగాడు. అప్పటికి ఆయన ముసలివాడేం కాదు, జుట్టు తొందరపడి నెరిసిందంతే.

"ఏ ఊరమ్మా మీది? ఆ యాస ఇని శానా కాలమైంది."

"టెక్కలి అవతలండి."

"మరింకేటి, నువ్వు నాకు కూతురివే. ఇదిగో దాసూ, ఈయేల్నుంచి నువ్వు నాకు అల్లుడివి. మావగారి మర్యాదలేవీ ఆశ పడకు. నాకాడున్నది టీ ఒక్కటే."

మా ఆయన ఏసుదాసు రేవులో బస్తాల లెక్క చూసే గుమస్తా. నవ్వుతూ, "టీ అయినా మీరు పెడతారా మావయ్యా, మా ఆవిడ చేత పెట్టిత్తారా?" అన్నాడు. ఆ రోజునుంచీ ఆయన నాకు బాబాయి, మా ఆయనకు మావయ్య. తర్వాత మా గది పక్క గదే ఖాళీ అయితే అందులో దిగాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. పగలు రేవు ఆఫీసులో ఉద్యోగం. సెలవు రోజుల్లో బ్రిడ్జి అనే పేకాట పోటీలు నడిపే పని. డైరెక్టర్ అనేవాళ్లు.

డైరెక్టరంటే ఏమిటో నాకు కొన్నాళ్లు అర్థం కాలేదు. ఒకరోజు వరండాలో కూర్చోబెట్టి చెప్పాడు. మామూలు పేకలో మంచి ముక్కలు పడ్డవాడు గెలుస్తాడు, పడనివాడు తలరాత అని ఏడుస్తాడు. ఈ పోటీల్లో అలా కుదరదు. నాలుగు అరలున్న చెక్క పెట్టె ఒకటి ఉంటుంది, దాన్ని బోర్డంటారు. ఎవరి ముక్కలు వాళ్లు తమ ముందే పెట్టుకుని ఆడి, ఆట అయ్యాక ఎవరి అరలో వాళ్లు తిరిగి పెట్టేయాలి. బోర్డు ఇంకో బల్లకు వెళ్తుంది. అక్కడివాళ్లు కూడా అవే ముక్కలతో ఆడతారు. అవే ముక్కలతో ఎవరు బాగా ఆడారన్నదే గెలుపు. ఆట మధ్యలో తప్పు జరిగితే ఆటగాళ్లు తమలో తాము తేల్చుకోకూడదు. చెయ్యెత్తి డైరెక్టర్‌ని పిలవాలి. ఆయన వచ్చి పుస్తకం తీసి చదివి తీర్పు చెబుతాడు. ఆ పుస్తకం బాబాయికి కంఠతా వచ్చు. అయినా ప్రతిసారీ తెరిచి చదివేవాడు. "ఇది నా మాట గాదు, పుత్తకం మాటని ఆలకి తెలవాలి గదమ్మా," అనేవాడు.

మా చర్చి పెద్దలకు ఇదంతా గిట్టేది కాదు. ఒకాయన మా ముందే అడిగేశాడు, పేకముక్క ముట్టిన చేత్తో ప్రభువు రొట్టె ఎలా ముడతావయ్యా అని. బాబాయి చేతులు కట్టుకుని, "నేను ఆడనండీ. ఆడేవోల్ల తగువు తీరుత్తాను. సొలొమోను రాజుగారు సేసిందీ అదే గదండీ," అన్నాడు. ఆ పెద్దాయనకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. బాబాయిని సంఘపెద్దగా మాత్రం ఎన్నడూ ఎన్నుకోలేదు.

నాకు పేకముక్కలు తుడిచే పని ఇచ్చాడు. చెమట చేతులకు ముక్కలు అంటుకుపోతాయని పౌడరు అద్దేవాళ్లం. రంగుల వారీగా పేర్చమనేవాడు. ఆ ముక్కల మీదే నాకు అంకెలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో ఆసు, రాజు, రాణి, జాకీలవి వచ్చు. మిగతావి ఈనాటికీ రావు.

ఆయన నేర్పిన అసలు చదువు వేరే. ఒకరోజు వీధి కుళాయి దగ్గర నా బిందె వరసలోంచి పక్కకు పోయింది. నా వెనకున్న రమణమ్మే జరిపిందని నేను అరిచాను. నా గొంతు చిన్నప్పటినుంచీ బొంగురు, అరిస్తే వీధి చివరిదాకా పోతుంది. ఆవిడా తక్కువది కాదు. బాబాయి ఆఫీసుకు పోతూ ఆగాడు.

"కరుణా, ఆవిడ బిందె జరపడం సూసేవా?"

"ఆవిడ కాపోతే ఇంకెవరు బాబాయ్!"

"నేనడిగింది అది గాదు. సూసేవా, అనుకున్నావా?"

నేను వంగి నా బిందె సరిచేసుకున్నాను. "అనుకున్నది నీ కాడే ఉంచు. సూసింది ఉంటే సెప్పు," అని గొడుగు ఊపుకుంటూ వెళ్లిపోయాడు. రమణమ్మ నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కాని ఆ మాట మాత్రం లోపల దిగబడింది.

సాయంత్రాలు వరండాలో చాపేసుకుని మా ఆయనకూ, ఆయన తోటి బెంగాలీ గుమస్తా శిబూదాకూ బాబాయి ఆట నేర్పేవాడు. మా ఆయనకు మొదట్లో అది కాలక్షేపం, తర్వాత పిచ్చి. రేవు జట్టులో చోటు దొరికింది. ఒక ఏడాది ఆ జట్టు ఆఫీసుల పోటీలో ఫైనల్ దాకా వెళ్లింది. గెలిచినవాళ్లు కలకత్తా తరఫున బొంబాయి వెళ్లి ఆడతారట. మా ఆయన పుట్టి బుద్ధెరిగి ఈ రేవూ, బస్తాలూ తప్ప ఏమీ చూడలేదు. బొంబాయి అనగానే కోటు కుట్టించుకున్నాడు. ఆ కోటు వేసుకుని అద్దం ముందు నిలబడి, "ఎలాగున్నానే?" అని అడిగితే, "పెళ్లికొడుకులా ఉన్నావు, పెళ్లినాడు మాత్రం ఇలా లేవు," అన్నాను. ఆయన అలా నవ్వడం అంతకుముందు నేను చూడలేదు.

ఫైనల్ రేవు వాళ్ల హాల్లోనే. డైరెక్టరు బాబాయి. రెండు గదుల్లో ఆట. ఒక గదిలో ఆడేసిన బోర్డును గుడ్డ కప్పి రెండో గదికి తీసుకుపోవాలి. ఆడనివాళ్లు కావాలి కాబట్టి ఆ పని నాకు చెప్పాడు. ముక్కలు చూడకూడదు, ఎవరితో మాట్లాడకూడదు. నేను మా ఆయన బల్ల పక్కన గోడకానుకుని ఎదురు చూస్తున్నాను.

ఆటకు ముందు వేలంపాట ఉంటుంది, ఏ రంగు మీద ఎంతవరకు గెలుస్తామో పోటాపోటీగా పాడాలి. ఎదురుజట్టు నాలుగు ఇస్పేట్లు పాడింది. ఇప్పుడు మా ఆయన జతగాడు శిబూదా వంతు. ఆయన ఆలోచనలో పడ్డాడు. కళ్లజోడు తీశాడు, చొక్కా అంచుతో తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. పైకప్పు చూశాడు. చివరికి పాడను అన్నాడు. తర్వాత మా ఆయన ఐదు ఆఠీన్లు పాడాడు. ఆడి గెలిచాడు కూడా. వెంటనే ఎదుటివాడు చెయ్యెత్తాడు, "డైరెక్టర్!"

ఇక్కడ ఒక రూలు చెప్పాలి. జతగాడికి ఏం చెప్పాలన్నా పాటతోనే చెప్పాలి, మొహంతో కాదు, నిట్టూర్పుతో కాదు. అంతసేపు ఆలోచించి పాడనన్నాడంటే చేతిలో ఏదో ఉందనే కదా అర్థం. ఆ సంగతి జతగాడు చూసినా చూడనట్టే ఆడాలి. శిబూదా ఆలస్యం చేశాడు కాబట్టే దాసు పాడాడని ఎదుటివాళ్ల ఫిర్యాదు.

"కోథాయ్ దేరీ? ఆలస్యం ఎక్కడ? ఎప్పుడూ ఆలోచించినంతే ఆలోచించాను!" అని శిబూదా లేచాడు. ఇటు కాదు, అటు అవును. నలుగురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. బాబాయి చెయ్యెత్తి ఆపి, నా వైపు తిరిగాడు.

ఎదుటివాడు, "ఆమె అతని భార్య, మశాయ్," అన్నాడు.

"తెలుసు. బల్ల దగ్గర నిలబడి ఉన్నది ఈమే," అన్నాడు బాబాయి. నన్ను తెలుగులో అడగలేదు. అందరికీ తెలియాలని బంగ్లాలో అడిగాడు, "తుమి కీ దేఖ్‌లే, బోలో."

నువ్వేం చూశావో చెప్పు. అంతమంది మగవాళ్లు చొక్కా గుండీలు బిగించుకుని నన్నే చూస్తున్నారు. మా ఆయన మాత్రం బల్ల మీది ముక్కలు చూస్తున్నాడు. నేను నా బొంగురు గొంతుతోనే, నాకొచ్చిన బంగ్లాలోనే చెప్పాను. కళ్లజోడు తీశారు, తుడిచారు, పైకి చూశారు, తక్కినవాళ్లకంటే చాలా సేపు తీసుకున్నారు అని. నాకేం అనిపించిందో చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

బాబాయి పుస్తకం తెరిచి చదివాడు. ఐదు ఆఠీన్ల పాట చెల్లదన్నాడు. ఎదుటివాళ్లు నాలుగు ఇస్పేట్లు ఆడినట్టే లెక్క అన్నాడు. "ఎవరి మనసులో ఏముందో ఈ తీర్పు చెప్పడం లేదు," అని కూడా అన్నాడు. నచ్చకపోతే కమిటీకి చెప్పుకోవచ్చు అన్నాడు. మా ఆయన చెప్పుకోలేదు. ఆ ఒక్క బోర్డుతో ఫైనల్ పోయింది.

ట్రాములో మా ఆయన నా పక్కన కూర్చోలేదు. ఇంటికొచ్చాక కోటు విప్పి మేకుకు తగిలించి, "నలుగురిలో నన్ను దొంగని సేసేడు మావయ్య. నువ్వు సాచ్చికం," అన్నాడు.

"నేను సూసింది సెప్పేను."

"నీకు కళ్లు లేకపోయినా బాగుణ్ణు."

అంతే. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. బాబాయితో మాట మాత్రం మానేశాడు. వరండాలో చాప పరవడం ఆగిపోయింది. నేను టీ గ్లాసు పట్టుకుని అటు వెళ్తే కాదనేవాడు కాదు, ఇటొస్తే అడిగేవాడు కాదు. బాబాయి పొద్దున్నే గది తాళం వేస్తూ, గోడకు చెప్తున్నట్టు, "అల్లుడు లేచేడా?" అనేవాడు. లోపల మా ఆయన రేడియో గట్టిగా పెట్టేవాడు. పక్కపక్క గదులు, మధ్యలో ఒక్క గోడ. ఆ గోడకు అటూ ఇటూ నేను ఎంత నలిగానో చెప్పలేను. పండక్కి వండిన పిండివంట కూడా ఇద్దరికీ విడివిడిగా పెట్టడం, అదేం బతుకు.

అలా ఉండగానే బాబాయికి ఉద్యోగ విరమణ అయింది. టెక్కలి వైపు చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతానన్నాడు. హౌరా స్టేషన్‌కు నేనొక్కదాన్నే వెళ్లాను. రైలు కిటికీలోంచి అడిగాడు, "ఏటంతన్నాడమ్మా?"

"ఏమీ అనట్లేదు బాబాయ్. నువ్వు తనని దొంగన్నావనే ఆయన బాధ."

"నేను అనలేదు గదమ్మా. మనసులోకి సూసే రూలు పుత్తకంలో లేదు. అన్నాయం జరిగిందేమోనంటే సరిచేసేను, అంతే. ఆ కుర్చీలో కూకుంటే గాని అది తెలవదు." కిటికీ ఊచ పట్టుకుని, "శానా బాగా ఆడేడమ్మా ఆ సెయ్యి," అన్నాడు. రైలు కదిలింది. ఆ చివరి మాట మా ఆయనకు చెప్పాను. విన్నాడు, పెడమొహం పెట్టుకుని.

బాబాయి వెళ్లాక పోటీలు నడిపే మనిషి దొరకలేదు. రూల్సు బాగా తెలిసినవాడు అప్పట్లో మా ఆయనే. బలవంతం చేసి నిలబెట్టారు. కొన్ని నెలలు బాగానే గడిచింది. ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా గుమ్మంలో కూర్చుండిపోయాడు. నేను నీళ్లిచ్చాను. తాగలేదు.

"ఈయేల ఒక కుర్రోడి పాట కొట్టేసేను. జతగాడు తెగ ఆలోసించేడు, వీడు పాడేడు. పుత్తకం తీసి సదివేను."

"ఊఁ."

"ఆడు నన్ను ఎలా సూసేడో తెలుసా? నన్ను దొంగన్నావు కదా అన్నట్టు. నేను అనలేదే కరుణా. ఆడు మంచోడే. అయినా ఆ పాట ఉంచలేను." తల గోడకు ఆనించాడు. "మావయ్య కూడా నన్ను అనలేదు."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఆయనే అన్నాడు, "దసరా పూజా సెలవులకి పోదాం. ఆయన ఎదర కూకుని సెప్పాల." ఆ వారమంతా ఆయన మనిషే మారిపోయాడు. బాబాయికని భీమ్ నాగ్ లాంటి పెద్ద కొట్లలో కాదు గాని, మా వీధి మిఠాయి దుకాణంలోనే సందేశ్ కావాలని ముందుగా చెప్పి వచ్చాడు. మేకుకున్న కోటు దులిపి ఎండలో వేశాడు.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ప్రార్థన మనవులు చదువుతూ, మన సంఘంలో చాలాకాలం ఉన్న బెంజిమెన్‌గారు స్వగ్రామంలో ప్రభువునందు నిద్రించారని చెప్పారు. మా ఆయన బల్ల మీంచి లేచి బయటికి వెళ్లిపోయాడు. నేను వెనకే వెళ్లాను. చర్చి గోడ పక్కన, రోడ్డు వైపు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. భుజం మీద చెయ్యి వేశాను. "నేను సెప్పలేదు," అన్నాడు. "సెప్పలేదు కరుణా." ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ పోటీలు నడిపాడు. ప్రతి తీర్పుకూ పుస్తకం తెరిచి చదివేవాడు.

ఆయనా పోయి చాలా కాలమైంది. నాకు మిగిలింది ఏమిటంటే, ఇంట్లో పిల్లలు కొట్టుకుని నా దగ్గరికి వస్తే ముందు ఒకటే అడుగుతాను, చూశావా, అనుకున్నావా అని. నానమ్మ పోలీసు అని నవ్వుకుంటారు. నవ్వనీ. నన్ను రోజూ అన్నం తిన్నావా, మందు వేసుకున్నావా అని అడుగుతారు, మంచి పిల్లలే. కాని అంతమందిలో నీ మాట కావాలని నా వైపు తిరిగిన మనిషి బాబాయి ఒక్కడే.

పరలోకంలో పేకాట ఉండదంటారు పాస్టరుగారు. ఉండకపోతే పోనీ. ఆ ఇద్దరూ ఒకచోట కూర్చుంటే చాలు. నువ్వు నన్ను దొంగ అనలేదు మావయ్యా అని మా ఆయన తన నోటితో చెప్పాలి. అప్పుడు నేను ఆ పక్కనే నిలబడి ఉండాలి. కళ్లారా చూడాలి.