చెల్లెలి కూతురి పిల్లి

హైటెక్ సిటీ కడుతున్న రోజుల్లో నేను మాదాపూర్‌లో ఒక ఇంటి కింది వాటాలో అద్దెకుండేదాన్ని. ఉద్యోగం నుంచి రిటైరై, వారపత్రికలకు కథలు రాసుకుంటూ ఒక్కదాన్నే ఉన్నాను. మా చెల్లెలి కూతురికి కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ట్రైనింగుకని బెంగుళూరు వెళ్తూ తన పిల్లిని బుట్టలో పెట్టి ఆటోలో తీసుకొచ్చింది.

“రెండు నెలలే పెద్దమ్మా. దాని మానాన అది ఉంటుంది” అంది.

అన్నట్టే దాని మానాన అది ఉంది. పిలిస్తే పలికేది కాదు. మా ఇంట్లో చేపా మాంసమూ వండం. పెరుగన్నం పెడితే సగం తిని, నావంక ఓసారి చూసి వెళ్ళిపోయేది. ఇంటికొచ్చిన చుట్టానికి సరిగ్గా పెట్టలేకపోతున్నట్టు నాకు ఇబ్బందిగా ఉండేది.

పై వాటాలో ఉండే ఇంటావిడ ఆ ఊరి మనిషే. పిల్లి ఎదురొస్తే మంచిది కాదని ఆవిడ నమ్మకం. పొద్దున తన భర్త స్కూటర్ తీసే వేళకు దాన్ని లోపల ఉంచి తలుపేసుకోమని ముందే చెప్పింది. నేను సరేనన్నాను.

ఇంటికి కాస్త దూరంలో పునాదుల కోసం బండలు పేల్చేవారు. ఒక మధ్యాహ్నం ఆ చప్పుడు మామూలుకన్నా పెద్దగా వచ్చింది. చాప మీద పడుకున్న పిల్లి ఒక్క గంతులో కిటికీలోంచి దూకి పోయింది. పొద్దు వాలినా తిరిగి రాలేదు.

వెనకనున్న రాళ్ళ మధ్యకు వెళ్ళి పిలవడం మొదలుపెట్టాను. పైనుంచి చూసిన ఇంటావిడ కర్ర పట్టుకుని దిగి వచ్చింది. పాములుంటాయి, ఒక్కదానివే తిరగొద్దని మందలించి తనూ వెతికింది. కూలీల గుడిసెల దగ్గర అడిగాం. ఎవరూ చూడలేదన్నారు. మా చెల్లెలి కూతురికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఇగ ఫికర్ చెయ్యకమ్మా అంటూ, చాయ్ తాగుదువని ఆవిడ నన్ను పైకి తీసుకెళ్ళింది.

వంటింట్లో బియ్యం డబ్బా వెనక, పాత బొంత మీద పిల్లి హాయిగా నిద్రపోతోంది.

ఇద్దరం నిలబడిపోయాం. ఆవిడ స్టవ్ వెలిగిస్తూ, నావైపు చూడకుండానే అంది: “రోజూ వస్తది. గడప కాడనే తిని పోతది. ఇయ్యాల లోపటికి వచ్చినట్టున్నది. మీ పెరుగన్నం తిని ఎట్ల బతుకుతదమ్మా?”

చేప తలకాయలన్నీ దానికే వేస్తోందట. తన భర్తకు మాత్రం చెప్పొద్దని అడిగింది.

ఆ తర్వాత చాలా సాయంత్రాలు నేను పైనే చాయ్ తాగాను. ఆవిడ తన ఊరి సంగతులు చెప్పేది. పిల్లి మా ఇద్దరి మధ్యా పడుకుని ఎవరి మాటా పట్టించుకునేది కాదు.

మా చెల్లెలి కూతురు తిరిగొచ్చి, సికింద్రాబాదులో గది తీసుకుని పిల్లిని తీసుకెళ్ళింది. ఇంటావిడ గేటు దాకా వచ్చి, ఎండు చేపల పొట్లం ఆ పిల్ల చేతిలో పెట్టింది.

వారం తిరక్కముందే, ఒకసారి ఫోన్ చేసి కనుక్కోమని నన్ను కిరాణా కొట్టు దగ్గరికి వెంటబెట్టుకుపోయింది. నేను మాట్లాడుతుంటే రిసీవర్ పక్కన చెవి పెట్టి నిలబడింది.

“మనల్ని యాది చేస్తున్నదా, జర అడుగమ్మా” అంది.

అడిగాను. వెళ్ళిన రోజే పరుపెక్కి పడుకుందనీ, ఎవరినీ వెతకలేదనీ మా చెల్లెలి కూతురు నవ్వుతూ చెప్పింది. ఆ మాటే ఉన్నదున్నట్టు ఆవిడకు చెప్పాను.

ఆవిడ కొట్టు ముందున్న కొత్తిమీర కట్టల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “మంచిగ ఉన్నది గదా, గంతే చాలు” అంది చివరికి. ఇద్దరం కొత్తిమీర కట్ట కొనుక్కుని నెమ్మదిగా ఇంటికి నడిచాం.