ఐదు నిమిషాలు ముందున్న గడియారం

మా నాన్నకు రేడియోలో పాటలంటే పెద్ద ఇష్టం లేదు. వార్తల ముందు టైము తెలపడానికి 'పిప్ పిప్' మని వచ్చే పిప్పుల మీదే ఆయన ప్రాణమంతా. "ష్!" అని వేలెత్తాడంటే బందరు కాలువ పక్కనున్న మా ఇంట్లో పోపు కూడా చిటపటమనకూడదు. అమ్మ మూకుడు దించేసేది. పొట్టి పిప్పులు వరసగా వచ్చాక చివరిది కాస్త సాగేది. సరిగ్గా దానికి నాన్న చేతి గడియారం కీ నొక్కేవాడు. "ఢిల్లీ నుంచి ఆకాశం మీద వస్తందే ఈ టైము. సెకను తేడా ఉండదు" అని మాకు గొప్పగా చెప్పేవాడు.

గోడ గడియారం మాత్రం నాయనమ్మ రాజ్యం. అదెప్పుడూ ఐదు నిమిషాలు ముందుండాలి. "బస్సు మనకోసం ఆగదురా" అనేది. ముందుందని ఇంటిల్లిపాదికీ తెలుసు కాబట్టి, చూసినవాళ్లం చూసినట్టే ఐదు తీసేసుకునేవాళ్లం. అలాంటప్పుడు లాభమేంటని నాన్న అడిగితే, "నీ పిప్పులు తింటే కడుపు నిండుద్దా?" అని నోరు మూయించేది.

డెబ్బైల మొదట్లో మా వాకిట్లోనే, తాటాకు పందిరి కింద నా పెళ్లి జరిగింది. ముహూర్తం పొద్దున ఎనిమిది దాటాక. పెళ్లికొచ్చేవాళ్ల చేతి గడియారాలు తలా ఒక మాట చెబుతాయని నాన్నకు భయం. పొద్దున్నే రేడియో పెట్టి, పిప్పులకు గోడ గడియారాన్ని సరిచేసి, పందిరి రాటకు తగిలించాడు. పంతులుగారిని దీన్నే చూడమన్నాడు. నాయనమ్మకు చెప్పడం మరిచిపోయాడు. పెళ్లింట్లో ఎవరికేం గుర్తుంటుంది?

నేను అడ్డుతెర ఇవతల గంపలో కూర్చున్నాను. పీటల మీదున్న నాన్న వీపు గడియారం వైపు ఉంది. పంతులుగారు జీలకర్ర బెల్లం అందుకోబోతుంటే, రాట కింద కూర్చున్న నాయనమ్మ ఐదు వేళ్లూ చాపింది.

"ఆగండి పంతులుగారూ! మా గడియారం ఐదు నిమిషాలు ముందుంటదండీ!"

సన్నాయి హోరులో ఆ మాట నాన్న చెవిన పడలేదు. పంతులుగారు తలూపి ఆగారు. ఆ ఐదు సంగతి నాకూ తెలుసు కదా, సబబే అనుకున్నాను. కాసేపటికి తెర దించారు, ఒకరి తల మీద ఒకరం జీలకర్ర బెల్లం పెట్టుకున్నాం. అక్షింతలు పడుతుండగా నాన్న వెనక్కి తిరిగి గడియారం చూశాడు. ఆయన ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. నన్ను పంపాలని బెంగ పడుతున్నాడనుకుని నేనూ ఏడ్చాను.

ఆ రోజు నుంచీ నాన్న గోడ గడియారాన్ని ముందుకు జరపనివ్వలేదు. నాయనమ్మ ఎంత సాధించినా కారణం చెప్పలేదు. నేను మా అత్తగారి ఊరు గన్నవరం నుంచి ఎప్పుడొచ్చినా, "అల్లుడుగారు బాగా చూసుకుంటున్నారా?" అన్నదే మొదటి మాట. మా ఆయన ఆటోనగర్లో పెట్టిన షాపు మూతపడ్డప్పుడు, పిల్లాడికి జ్వరం తగ్గనప్పుడు, నాన్న నా ముఖం చూడకుండా గడియారం వంక చూసేవాడు. విసుగొచ్చేది నాకు.

నాయనమ్మ పోయాక ఒక పొద్దున, నేను తిరుగు ప్రయాణమవుతుంటే చెప్పేశాడు.

"నీ ముహూర్తం దాటిపోయిందమ్మా. గడియారం సరిచేసి మీ నాయనమ్మకు చెప్పలా. ఆవిడ ఆపబట్టే ఐదు నిమిషాలు ఆగానని పంతులుగారు తర్వాత చెప్పారు. తెలిస్తే ఆవిడ గుండె పగిలిపోయేది. నీకేం కష్టమొచ్చినా అది నావల్లేనేమోనని..."

నవ్వబోయాను. ఆయన కళ్లు చూశాక నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ ఈ మనిషి ఒక్కడే ఇది మోశాడా అనిపించింది.

"ఆ ఐదు నిమిషాలూ నేనింకా మీ ఇంటి పిల్లనే కదా నాన్నా! నాకేం నష్టం?"

రేడియోలో పిప్పులు మొదలయ్యాయి. నాన్న వేలెత్తలేదు. లేచి గోడ గడియారం అద్దం తీసి, పెద్దముల్లును ఐదు నిమిషాలు ముందుకు జరిపాడు.

"బయల్దేరమ్మా, బస్సు మనకోసం ఆగదు" అన్నాడు, అచ్చం నాయనమ్మలాగే.